గన్నులో గ్రీజు

“ముందు ఒక్క సంగతి తేల్చండి. ఈ గన్నును చంపింది ఎవరు?” అంది పట్టకారు.

ఇన్‌స్పెక్టర్ నవ్వాడు. ఆయన నవ్వితే పక్కనున్న కానిస్టేబుల్ కూడా నవ్వాలి. నవ్వాడు.

“ఇక్కడ చచ్చింది బస్సు డ్రైవరు, పట్టకారమ్మగారూ. ఇనప సామాను చావుకు కేసు రాసే సెక్షను ఇంకా రాలేదు.”

“వస్తే మొదటి ముద్దాయి ఈ షెడ్డులోనే ఉన్నాడు. తొందరపడకండి.”

ఆవిడ అసలు పేరు ఎవరికీ అక్కర్లేదు. ఇరవై రెండేళ్ళు ఒక మెషిన్ షాపులో తయారైన సామాన్లకు తప్పులు పట్టే ఉద్యోగం చేసింది. ఇప్పుడు ప్రైవేటుగా మనుషులకు పడుతోంది. పట్టుకుంటే వదలదని పట్టకారు అన్నారు. ఆ పేరు ఆవిడకు నచ్చింది. వదలాల్సినంత మంచి మనుషులు ఆవిడకు పెద్దగా తగల్లేదు కూడా.

బస్సుల షెడ్డులో పని బల్ల మీద ఆ గన్ను పడి ఉంది. గాలి ఒత్తిడితో చక్రాల నట్లు బిగించే, విప్పే యంత్రం. చూడటానికి లావుపాటి పిస్తోలులా ఉంటుంది కాబట్టి షెడ్డులో అందరూ గన్ను అనే అంటారు. దాని పిడికి లక్కముద్ర సీలు వేసిన దారం వేలాడుతోంది.

టైము పదకొండూ పది. ఒంటిగంటకు ముద్దాయిని మేజిస్ట్రేటు ముందు నిలబెడతారు.

కేసు చాలా చిన్నది. ఉదయం ఆరూ నలభైకి పదిహేడో నంబరు బస్సు ఖాళీగా షెడ్డు నుంచి బయలుదేరింది. మొదటి స్టాపులో జనం ఎక్కేది ఏడుంపావుకు. ఏడూ అయిదుకు, వంతెన మీద, ముందు ఎడమ చక్రం ఊడింది. బస్సు రెయిలింగు విరగ్గొట్టుకుని కిందికి పోయింది. డ్రైవరు అక్కడికక్కడే పోయాడు. ఏడూ ఇరవైకి షెడ్డుకు కబురు. ఏడూ నలభైకి ఇన్‌స్పెక్టర్. ఏడూ నలభై అయిదుకు, కబురు విని ఇంటినుంచి తిరిగొచ్చిన టైర్ల ఫిట్టరు వాంగ్మూలం: ‘గన్ను సరిగ్గా లాగడం లేదు. తెలిసే బస్సు వదిలేశాను. తప్పు నాదే.’

అయిదు నిమిషాల్లో కేసు ముగించిన ఇన్‌స్పెక్టర్, ఆ ఆనందంలోంచి ఇంకా బయటికి రాలేదు.

ఒక్కటే చిక్కు. చనిపోయిన డ్రైవరు ఆ ఫిట్టరుకు సొంత బావ. డ్రైవరు భార్య, ఫిట్టరు అక్క, భర్త శవం ఆసుపత్రిలో ఉండగానే తొమ్మిదిన్నరకు పట్టకారు ఆఫీసు మెట్లెక్కింది. “మొగుడు ఎలాగూ పోయాడు. తమ్ముణ్ణి కూడా పోనివ్వను మేడమ్. గన్ను పాడైందని వాడు ఎందుకన్నాడో తెలియదు గానీ, చెయ్యని తప్పుకు వాడు జైలుకు పోకూడదు,” అంది. ఏడవలేదు. ఏడవని మనుషులంటే పట్టకారుకు గౌరవం.

ఇప్పుడు ఆ తమ్ముడు బేడీలతో పాత టైర్ల దొంతి మీద తల వంచుకుని కూర్చున్నాడు. అక్క అతనికి నాలుగడుగుల దూరంలో స్టూలు మీద కూర్చుంది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకోవడం లేదు.

“నేను రిపోర్టు ఇచ్చేశాను కదా మేడమ్,” అన్నాడు మేనేజరు గొంతు సవరించుకుంటూ. “మోటారు అరిగిపోయింది. పాత సరుకు. ఇంకా ఏముంది చూడ్డానికి?”

మేనేజరు బస్సుల యజమానికి బావమరిది. గాలి యంత్రాల మీద మూడు రోజుల శిక్షణ పొందినట్టు ఒక కాగితాన్ని అద్దాల ఫ్రేములో బిగించి, తన కుర్చీ వెనక తగిలించుకున్నాడు. షెడ్డులో అతన్ని సర్టిఫికెట్ అంటారు. అతను వినేట్టుగానే అంటారు.

“మూడు రోజుల్లో మీరు నేర్చుకున్నది నేను మూడు నిమిషాల్లో చూసేస్తాను. కూర్చోండి,” అంది పట్టకారు.

సంచిలోంచి తెల్లటి గుడ్డ తీసింది. గన్ను పిడి అడుగున గాలి బయటికి పోయే రంధ్రాన్ని తుడిచి, గుడ్డ ఎత్తి చూపించింది. నల్లటి పాత మరక ఒకటి తప్ప ఏమీ లేదు. ఆ గుడ్డలో రెండో మడత తీసి, రంధ్రానికి ఎదురుగా చెయ్యెడంత దూరంలో బల్లకు తగిలించింది.

“ఇదేం ఇంద్రజాలం?” అన్నాడు ఇన్‌స్పెక్టర్.

“మీరు చూస్తే ఇంద్రజాలం. నేను చూస్తే పని.”

గన్ను బలం తగ్గిందంటే మొదట గన్నును తిట్టకూడదు, గాలిని చూడాలి. ఆవిడ గొట్టానికీ గన్నుకూ మధ్య, గాలి ఒత్తిడి చూపే చిన్న గేజి బిగించింది.

“తొంభై ఉంది. గోడ మీద గేజి కూడా అదే చెబుతోంది,” అన్నాడు సర్టిఫికెట్.

“గన్ను ఆగి ఉంటే ఏ గేజి అయినా తొంభయ్యే చెబుతుంది. పనిలేనప్పుడు అందరూ బలవంతులే, మేనేజరుగారూ. నడుస్తున్నప్పుడు చూడాలి.”

ట్రిగ్గరు నొక్కింది. గన్ను ముసలి పిల్లిలా గురక పెట్టింది. ముందు, నట్టుకు తొడిగే సాకెట్ బద్ధకంగా అరచుట్టు తిరిగి ఆగింది. లోపలి సుత్తులు కొట్టాలి, ఆ చప్పుడే లేదు. గేజి ముల్లు మాత్రం ఎనభై ఎనిమిది దగ్గర నిలబడింది. సరిగ్గా పది సెకన్లకు ఆవిడ వేలు తీసింది.

“గాలి బాగుంది. గొట్టం బాగుంది.” గాలి లోపలికి వెళ్ళే చోట ఉన్న చిన్న జాలీని గోటితో లాగి వెలుతురులో పట్టింది. “జాలీ కూడా శుభ్రం. అంటే రోగం కడుపులో ఉంది.”

“అదే నేనూ రాశాను!” అన్నాడు సర్టిఫికెట్.

“చచ్చినవాణ్ణి చూసి చచ్చాడని మీరూ రాశారు. సరే.”

వెనక మూతకు తలలో గుంట ఉండే అలెన్ బోల్టులు నాలుగు ఉన్నాయి. పట్టకారు భూతద్దం పెట్టి చూసింది. నాలుగింటి తలల లోపలా నల్లటి మసి మధ్య తెల్లగా మెరుస్తున్న కొత్త గీతలు ఉన్నాయి.

“సీలు ఎప్పుడు వేశారు?”

“ఏడూ యాభైకి. నా చేత్తో నేనే వేశాను,” అన్నాడు ఇన్‌స్పెక్టర్.

“ఎప్పుడు తీశారు?”

“నువ్వొచ్చాక. నీ కళ్ళ ముందే.”

“మధ్యలో?”

“మధ్యలో ఈగ కూడా వాలలేదు. ఏం, పోలీసు సీలు మీద అనుమానమా?”

“సీలు మీద కాదు. రాసుకో నాయనా,” అంది కానిస్టేబుల్ వైపు తిరిగి. “మీ సారు మాట. ఏడూ యాభై నుంచి పదకొండు దాకా ఈగ కూడా వాలలేదు. సరిగ్గా రాసుకో. తరవాత అవసరం పడుతుంది, నాకు కాదు.”

కానిస్టేబుల్ ఇన్‌స్పెక్టర్ మొహం చూశాడు. రాయాలో వద్దో అక్కడ కనిపించకపోయేసరికి రాసుకున్నాడు.

నాలుగు బోల్టులూ ఊడాయి. మూత వచ్చింది. లోపల పసుపుపచ్చటి గ్రీజు ముద్ద, డబ్బాలో నింపినట్టు, అంచుల దాకా ఉంది; అంచు చుట్టూ వేలితో సున్నాలా తుడిచిన గుర్తు.

టైర్ల దొంతి మీద ఫిట్టరు తలెత్తి చూశాడు. ఆ చూపులో మొదటిసారిగా ప్రాణం కనిపించింది. పసిపిల్ల నోట్లో ఎవడో మట్టి కూరినట్టు చూశాడతను.

పట్టకారు చిన్న పుల్లతో గ్రీజు తోడి, మధ్యలోని ఇనప దిమ్మను బయటికి తీసింది. దిమ్మ చుట్టూ ఆరు గాళ్ళు, గాడికొక పలచటి బ్లేడు.

“ఇన్‌స్పెక్టర్‌గారూ, నెమ్మదిగా చెబుతాను, అందుకోండి. గాలి వచ్చి ఈ దిమ్మను తిప్పుతుంది. తిరిగేటప్పుడు ఈ బ్లేడ్లు గాళ్ళలోంచి బయటికి జరిగి గోడకు ఆనుకోవాలి. ఆనితేనే గాలికి పట్టు. అందుకని ఈ గదికి పలచటి నూనె, అదీ నాలుగు చుక్కలు. గ్రీజు ముందు గదిలో, సుత్తులకు. దాన్ని తెచ్చి ఇక్కడ కూరితే బ్లేడ్లు బంకలో పడిన చీమల్లా గాళ్ళలోనే అతుక్కుపోతాయి. గాలి వస్తుంది, పోతుంది. గన్ను గురక పెడుతుంది.”

“అయితే నేనన్నదే. గన్నులో బలం లేదు. వీడు గ్రీజు పెట్టి పాడు చేశాడు, ఆ గన్నుతోనే నట్లు బిగించాడు. ఆడలేక మద్దెల ఓడన్నాడు,” అన్నాడు ఇన్‌స్పెక్టర్.

పట్టకారు బల్లకు తగిలించిన తెల్లగుడ్డ తీసి ఆయన చేతిలో పెట్టింది. గుడ్డ నిండా పసుపుపచ్చటి తుంపరలు.

“పదంటే పది సెకన్లు నడిపాను. పొద్దున వీడు ముందు చక్రాలు రెంటికీ కలిపి ఇరవై నట్లు బిగించాడు. ఈ గ్రీజుతో బిగించి ఉంటే వీడి చొక్కా పెళ్ళికొడుకు చొక్కాలా పచ్చగా ఉండాలి. చూడండి, ఉందా? నల్ల నూనె తప్ప ఏదైనా ఉంటే మీ పాదాలకు దణ్ణం పెడతాను. ఇంకోటి. ముందు నేను తుడిచినప్పుడు రంధ్రం శుభ్రంగా ఉంది. అంటే గ్రీజు కూరాక ఈ గన్నును ఎవరూ నడపలేదు. మేనేజరుగారి రిపోర్టులో ఏముంది? ‘నడిపి చూడగా బలము లేదని తేలినది.’ ఎప్పుడు నడిపారు సార్? కలలోనా?”

సర్టిఫికెట్ మెడ మీద చెమట తుడుచుకున్నాడు. “అంటే... నడపకపోయినా, అనుభవం ఉన్నవాడికి చూస్తేనే...”

“నిజమే. అనుభవం మాట వేరు.” పట్టకారు గొంతు ఉన్నట్టుండి మెత్తబడింది. దిమ్మనూ, బ్లేడ్లనూ కిరసనాయిలులో కడిగి, గుడ్డతో తుడిచి, వరసగా పేర్చింది. గది లోపలంతా తుడిచింది. “నా వల్ల కాదండీ ఇక. చేతులు వణుకుతున్నాయి. మీరు చదువుకున్నవారు. కాస్త దీన్ని కూర్చి ఇద్దురూ.”

పొగిడితే పొయ్యిలో దూకే మనిషి అతను. చొక్కా చేతులు మడిచాడు. బ్లేడ్లు గాళ్ళలో పెట్టాడు. దిమ్మను గదిలో దించాడు. షెల్ఫు మీది గ్రీజు డబ్బా అందుకుని, రెండు వేళ్ళతో ఇంత ముద్ద తీసి, గది నిండా కూరి, అంచు చుట్టూ చిటికెన వేలితో సున్నాలా తుడిచాడు.

ఫిట్టరు కళ్ళు మూసుకున్నాడు.

“అద్భుతం,” అంది పట్టకారు. “చిటికెన వేలి సున్నాతో సహా. పొద్దునా ఇలాగే పెట్టారు కదూ? మూత తీయగానే నాకు మొదట కనిపించింది ఆ సున్నానే.”

సర్టిఫికెట్ తన వేళ్ళ వంక చూసుకున్నాడు. అవి తనవి కాకుండా పోతే బాగుండునన్నట్టు చూసుకున్నాడు.

“నేను చెడగొట్టాలని కాదండీ! తొమ్మిదింటికి సారే పిలిచి, గన్ను విప్పి చూసి రిపోర్టు రాసివ్వమన్నారు. మళ్ళీ సీలు తను వేసుకుంటానన్నారు. విప్పితే లోపల పొడిపొడిగా ఉంది. గ్రీజు లేక లాగడం లేదేమోనని...”

“నోరు ముయ్యవయ్యా,” అన్నాడు ఇన్‌స్పెక్టర్.

“ముయ్యమనండి. ఈగ కూడా వాలని చోట ఇంత పెద్ద బావమరిది వాలాడు మరి,” అంది పట్టకారు. “బాగున్న గన్నును మీరే విప్పించారు. మీ నిపుణుడు దాన్ని చంపాడు. చచ్చిన గన్నును చూపించి, పొద్దున కూడా ఇలాగే ఉందని మీరు రాశారు. ఒంటిగంటకు మేజిస్ట్రేటు ముందు ఇదే మాట చెప్పండి, నేను వెనక బెంచీలో కూర్చుని వింటాను. టిక్కెట్టు ఉన్నా కొనుక్కుని వస్తాను.”

ఇన్‌స్పెక్టర్ మొహం ఎర్రబడింది. అయితే మనిషి మొద్దు కాడు, బద్ధకస్తుడు. మొద్దులకంటే వీళ్ళతోనే ప్రమాదం. తేరుకోవడానికి ఆయనకు అరనిమిషం పట్టింది.

“సరే. సీలు విషయం నా పొరపాటు. గ్రీజు కూరింది తొమ్మిదింటికి. ఒప్పుకున్నా. ఇప్పుడు నువ్వు చెప్పు. ఏడూ నలభై అయిదుకే, గ్రీజుకు గంటంబావు ముందే, ‘గన్ను లాగడం లేదు’ అని వీడే చెప్పాడు. నేను కొట్టలేదు, తిట్టలేదు. అడగకముందే చెప్పాడు. దానికేమంటావు?”

పట్టకారు తల ఊపింది. అంత తెలివైన మాట ఆయన నోటినుంచి వస్తుందని అనుకోలేదు.

“నాకూ అదే కావాలి.”

మళ్ళీ గన్ను విప్పింది. మళ్ళీ కడిగింది. ఈసారి ఒక్కో గాడిలో చుక్క నూనె వేసి, బ్లేడు జారవిడిచి, వేలితో కదిపి చూసింది. ఆరు బ్లేడ్లూ నాలుకల్లా ఆడాయి. మూత బిగించి, గాలి పెట్టి ట్రిగ్గరు నొక్కింది. గన్ను ఒక్కసారిగా గర్జించింది. సాకెట్‌ను బల్లకు బిగించిన బోల్టు మీద పెడితే సుత్తులు టకటకటక మని కొట్టాయి. షెడ్డు రేకులు అదిరాయి.

పట్టకారు ఫిట్టరు ముందుకు వెళ్ళి నిలబడింది.

“ఇదీ నీ గన్ను. పొద్దున ఇలాగే ఉంది. పంతొమ్మిదేళ్ళుగా చంటిబిడ్డలా చూసుకుంటున్న పనిముట్టు మీద లేని రోగం ఎందుకు చెప్పావు?”

“నా తప్పే మేడమ్. నన్ను వదిలెయ్యండి.”

“వదలమని ఎవరైనా అంటే నాకు ఒళ్ళు మంట. నట్లు బిగించావా లేదా?”

“...బిగించాను.”

“గట్టిగా?”

గట్టిగా బిగించలేదని అనడానికి అతనికి నోరు రాలేదు. తన మీద ఎంత నిందయినా వేసుకుంటున్నాడు గానీ, ఆ ఒక్క మాట మాత్రం గొంతు దాటడం లేదు. పనివాళ్ళలో ఇదొక రోగం.

అప్పుడే గోడకున్న చిన్న కిటికీలోంచి ఒక తల బయటికి వచ్చింది. బుకింగు క్లర్కు. యాభై ఏళ్ళ మనిషి. పొద్దున అయిదున్నర నుంచి ఆ కిటికీ వెనకే కూర్చుంటుంది, హాజరు పుస్తకం కూడా ఆవిడ దగ్గరే ఉంటుంది.

“ఏమండీ, మళ్ళీ మొదలెట్టారా ఆ మోత? పొద్దున రెండుసార్లు చాల్లేదూ?”

పట్టకారు కిటికీ దగ్గరకు వెళ్ళింది. “రెండుసార్లా?”

“రెండే. అయిదూ యాభైకి ఒకసారి, ఈ అబ్బాయి. మోతంటే మోత. ఆరూ పదికి సంతకం పెట్టి ఇంటికి వెళ్ళిపోయాడు, ఇదిగో పుస్తకం. హమ్మయ్య అనుకున్నా. ఆరూ ఇరవైకి మళ్ళీ. ఈసారి అంత గోల కాదు. టక్. కాసేపాగి టక్. మళ్ళీ టక్. ఎప్పుడాగుతుందా అని లెక్కపెట్టా. పది.”

“ఎవరు కొట్టారు?”

“పోయిన ఆ డ్రైవరే. చక్రం ముందు గొంతుక్కూర్చుని కొట్టాడు పాపం. ఆ బస్సు అతనికిచ్చి నాలుగు రోజులేగా. అంతకుముందు కొత్త బస్సు నడిపేవాడు.”

ఇన్‌స్పెక్టర్ చేతులు చాపాడు. “ఇంకేం! వీడు ఒకసారి బిగించాడు, వాడు రెండోసారి బిగించాడు. డబుల్ బిగింపు. అయినా ఊడింది. ఇక దెయ్యం పనే అని రాసుకోమంటావా?”

పట్టకారు అతని మాట వినడం లేదు. గొట్టం లాక్కుంటూ, పక్కన ఆగి ఉన్న పదహారో నంబరు బస్సు దగ్గరకు నడిచింది. పదిహేడుకు కవల. అదే వయసు, అదే తయారీ. ముందు ఎడమ చక్రం దగ్గర మోకాళ్ళ మీద కూర్చుంది. పది బోల్టులు, పది నట్లు. బిగించాక నట్టు మీదుగా బోల్టు మీదికి పసుపు రంగుతో ఒక గీత గీయడం ఫిట్టరు అలవాటు. నట్టు కదిలితే గీత విరుగుతుంది. పది గీతలూ తిన్నగా ఉన్నాయి.

“మేనేజరుగారూ, ఈ బోల్టు చివర ఏముంది?”

“ఎల్ అని చెక్కి ఉందండీ. కంపెనీ ముద్ర అయ్యుంటుంది.”

“మీ సర్టిఫికెట్ ఫ్రేములో అద్దం ఒక్కటే విలువైనది. కంపెనీ ముద్ర కాదు, లెఫ్టు. పాత బస్సులకు ఎడమవైపు చక్రాల బోల్టు మర తిరగేసి ఉంటుంది. చక్రం తిరిగే ఊపుకు నట్టు వదులవకుండా. లోకంలో నట్లన్నీ కుడికి తిప్పితే బిగుస్తాయి, ఇవి కుడికి తిప్పితే ఊడతాయి. కొత్త బస్సులకు ఈ గొడవ లేదు.”

గన్ను వెనకున్న మీటను మామూలు బిగింపు వైపు, కుడికి, తిప్పింది. సాకెట్ నట్టుకు తొడిగి, ట్రిగ్గరును ఒక్కసారి తాకి వదిలింది.

టక్.

పసుపు గీత విరిగింది. పట్టకారు రెండు వేళ్ళతో నట్టును పట్టుకుని తిప్పింది. సీసా మూతలా తిరిగింది.

“బిగిస్తున్నాననుకుని విప్పుకున్నాడు,” అంది. “పది నట్లూ. విప్పుకుని, ఎక్కి కూర్చుని, తోలుకుపోయాడు.”

కిటికీలో క్లర్కు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఇన్‌స్పెక్టర్ టోపీ తీసి, మళ్ళీ పెట్టుకున్నాడు.

“అంటే... యాక్సిడెంటు,” అన్నాడు నెమ్మదిగా. ఆ మాటలో ఆయనకు తన సీలు గొడవ మునిగిపోయే లోతు కనిపించింది. “తెలియక చేసుకున్నాడు. ఎవరి తప్పూ లేదు. అలాగైతే ఇతన్ని వదిలేయడానికి నాకేం అభ్యంతరం లేదు. ఇదిగో, మీరు గెలిచారు మేడమ్.”

మొదటిసారి మేడమ్ అన్నాడు. స్టూలు మీది అక్క లేచి నిలబడింది. కొంగు సర్దుకుని తమ్ముడి వైపు ఒక అడుగు వేసింది.

పట్టకారు మోకాళ్ళ మీదనుంచి లేవలేదు. ఊడిన నట్టును అరచేతిలో పెట్టుకుని చూస్తోంది. ఇక్కడితో ఆగితే కేసు గెలిచినట్టే. వచ్చిన పని అయినట్టే.

“బిగించాలనుకున్నవాడు ట్రిగ్గరు నొక్కి పట్టుకుంటాడు,” అంది తనలో తను అనుకుంటున్నట్టు. “నట్టు ఆగేదాకా నొక్కుతాడు. డ్రైవరు అలా నొక్కి ఉంటే నట్టు గిర్రున తిరిగి ఊడి కాళ్ళ మీద పడేది. ఎంత మూర్ఖుడికైనా తెలిసిపోయేది. అలా పట్టుకోలేదు. ఒక్కో నట్టుకు ఒక్కటే దెబ్బ. పదింటికి పది. వదులవ్వాలి గానీ ఊడకూడదు. మర తిరగేసి ఉందనే తెలియని మనిషికి అంత కొలత ఎలా తెలిసింది?”

లేచి కిటికీ వైపు తిరిగింది.

“అతను ఒక్కడే ఉన్నాడా?”

క్లర్కు ఇబ్బందిగా కదిలింది. “అయ్యో, అందులో ఏముందండీ. పాపం మంచికే చెప్పింది. కళ్ళజోడు మర్చిపోయాడని ఇవ్వడానికొచ్చి...”

“ఎవరు?”

“ఈవిడే. వాళ్ళావిడ. ‘తమ్ముడు గేటు దగ్గర కలిశాడు, ముందు ఎడమ చక్రం అనుమానంగా ఉంది, బావని ఓసారి చూసుకోమన్నాడు’ అంది. ‘ఒక్కోదానికి ఒక్క దెబ్బ చాలంట, ఎక్కువ నొక్కితే బోల్టు తెగుద్దంట’ అని కూడా చెప్పింది. ఎంత జాగ్రత్త గల పెళ్ళామో అనుకున్నాను.”

“అక్కా, నువ్వు మాట్లాడకు!” టైర్ల దొంతి మీదనుంచి ఫిట్టరు లేచాడు. బేడీలు గలగలలాడాయి. “నేనే చెప్పమన్నాను మేడమ్! నేనే! గేటు దగ్గర నేనే చెప్పాను. రాసుకోండి!”

ఏడూ నలభై అయిదుకు అతను ఎందుకు అబద్ధమాడాడో ఇప్పుడు షెడ్డులో అందరికీ తెలిసింది. ఆరూ పదికి గేటు దగ్గర అక్కను చూశాడు. ఏడూ ఇరవైకి చక్రం ఊడిందని విన్నాడు. మిగతాది అతనికి ఎవరూ చెప్పనక్కర్లేదు.

పట్టకారు షెడ్డులో ఉన్నవాళ్ళందర్నీ తీసిపారేసింది. తను గౌరవించిన ఒకే ఒక్క మనిషిని మాత్రం తేరిపార చూడలేదు.

“మీ తమ్ముడికి పని నేర్పింది ఎవరు?” అని అడిగింది.

“మా నాన్న. టైర్ల కొట్టు ఉండేది,” అంది అక్క.

“మీకు?”

“నాకూ ఆయనే. వాడికంటే ముందు నేనే నేర్చుకున్నాను. వాడి పేరు ఎందుకు వాడానంటే, నా మాట వినడు కాబట్టి. పదకొండేళ్ళలో ఒక్కటంటే ఒక్క మాట వినలేదు మేడమ్. చక్రం గురించి ఆడదానికేం తెలుసు అనేవాడు. తమ్ముడి మాట అనేసరికి ఇవాళ విన్నాడు.”

“అక్కా!”

“నువ్వాగరా. వీడి మీదికి వస్తుందని అనుకోలేదు. పాత బస్సు కదా, ఊడిందంటారు, ఊరుకుంటారు అనుకున్నాను. ఏడుంపావు దాకా బస్సు ఖాళీ అని చూసుకునే చేశాను.”

“ఆ సంగతి చక్రానికి తెలియదుగా,” అంది పట్టకారు. “పది నిమిషాలు ఆలస్యంగా ఊడి ఉంటే నలభై మంది.”

ఆ మాటకు మాత్రం ఆవిడ మొహంలో రంగు పోయింది. తరవాత తిన్నగా ఇన్‌స్పెక్టర్ ముందుకు వెళ్ళి, రెండు చేతులూ చాపి నిలబడింది. ఆయన కంగారుగా జేబులు తడుముకుంటున్నాడు. బేడీల తాళం ఏ జేబులో పెట్టుకున్నాడో ఆయనకు గుర్తు రావడం లేదు.

“ముందు వాడివి తియ్యండి సార్,” అంది. “తీసి, వాణ్ణి గేటు దాటనివ్వండి. ఎందుకు చేశానో అప్పుడు చెబుతాను. అది మాత్రం వాడు వినకూడదు.”